బిడ్డకు నమలడము నేర్పుదాము

మన సంఘములలో బిడ్డకు ఆరు నెలలు నిండగానే ఇంటివారు కబురు పంపుతారు. "అయ్యగారూ, పిల్లోనికి అన్నం ముట్టించల్ల. అమ్మగారిని పిల్చుకొని వచ్చి ప్రార్థన చెయ్యండి" అంటారు. మేమిద్దరము వెళతాము. చాప పరుస్తారు. మేనమామ గిన్నె తెస్తాడు. నెయ్యి కలిపిన మెత్తని అన్నము బిడ్డ పెదవులకు తగిలించగానే అవ్వ తాతలు, అత్తలు, పెద్దమ్మలు అందరూ ఒక్కసారిగా నవ్వుతారు. ఫోటోలు తీస్తారు. అందరము భోంచేసి ఎవరి ఇండ్లకు వారము వస్తాము. మంచి ఆచారమే. అయితే మరునాడు ఆ బిడ్డకు ఎవరు పెడుతున్నారు, ఏమి పెడుతున్నారు, ఎలా కూర్చోబెట్టి పెడుతున్నారు అని అడిగేవారు తక్కువ. మొదటి ముద్దకు నలభై మంది ఉంటారు. ఆ తరువాత ఆరు నెలలు తల్లి ఒక్కతే ఉంటుంది. ఆమెకు పొలము పని, పొయ్యి పని, పశువుల పని అన్నీ ఉంటాయి.

మాది అనంతపురము జిల్లాలో ఒక పల్లె. గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు మేము రెండు రకముల ఇండ్లను చూస్తుంటాము. ఒక ఇంటిలో బిడ్డకు ఏడాదిన్నర వచ్చినా పలుచని రాగిజావ సీసాలో పోసి త్రాగిస్తుంటారు. "గొంతుకు అడ్డం పడుతుందేమో అయ్యగారూ, మాకు భయం" అంటారు. మరొక ఇంటిలో ఏడు నెలల బిడ్డ చేతిలో జంతిక ముక్కో, చిక్కీ ముక్కో ఉంటుంది. "అడుగుతాడు, ఏడుస్తాడు, పాపం" అంటారు. మొదటి ఇంటివారిది భయము, రెండవ ఇంటివారిది ముద్దు. రెండింటికీ వెనుక ఉన్నది ప్రేమే. రెంటి వలన నష్టపోయేది మాత్రము బిడ్డే. ఆ ఇద్దరినీ మనసులో పెట్టుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మేము వైద్యులము కాము. ముగ్గురు బిడ్డలను పెంచి, ఆసుపత్రి నర్సమ్మ దగ్గర, అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర అడిగి తెలిసికొన్న సంగతులు ఇవి.

మొదట, ఆరు నెలలే ఎందుకు? ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడ అవసరము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ తరువాత తల్లిపాలు మానకుండానే, రెండేండ్లు, ఆపైన కూడ ఇస్తూనే, పై ఆహారము మొదలుపెట్టాలి. తల్లి కడుపులో ఉండగా బిడ్డ దాచుకొన్న ఇనుము సుమారు ఆరు నెలలకు అయిపోతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ. అక్కడ నుండి ఆకుకూర, పప్పు, గ్రుడ్డు, మాంసము వంటివాటి నుండి అది అందాలి. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశములో 6 నుండి 8 నెలల బిడ్డలలో తల్లిపాలతో పాటు ముద్ద ఆహారము అందుతున్నవారు నూటికి 46 మంది మాత్రమేనని తేలింది. అయిదేండ్ల లోపు పిల్లలలో రక్తము తక్కువైనవారు నూటికి 67 మంది. బిడ్డ తెల్లగా పాలిపోయి, ఊరకే ఏడుస్తూ, ఎప్పుడూ చంకలోనే ఉంటే "గాలి సోకింది" అనుకొంటాము. చాలా ఇండ్లలో అది గాలి కాదు, గిన్నెలోని కొరత.

ఆరు నెలలు నిండిన బిడ్డను గమనించండి. మెడ నిలుస్తుంది. ఆనుకొని కూర్చుంటుంది. మనము తింటుంటే మన చేతిని, మన నోటిని చూస్తూ ఉంటుంది. అంతకు ముందు నోటిలో ఏది పెట్టినా నాలుకతో బయటికి నెట్టే గుణము తగ్గిపోతుంది. కొందరు బిడ్డలు మొదటి వారమంతా నెడుతూనే ఉంటారు. దానిని చూచి "వీనికి అన్నం ఇష్టం లేదు" అని మానివేయవద్దు. పాలు చీకే నాలుక ముందుకు వెనుకకు ఆడుతుంది. నమలాలంటే అదే నాలుక ముద్దను ప్రక్కకు త్రోయాలి, దవడ క్రిందికి పైకి ఆడాలి, ముద్దను మరల నడుమకు తెచ్చి మ్రింగాలి. చీకడము బిడ్డ పుట్టుకతో తెచ్చుకొంటుంది. నమలడము మాత్రము నేర్చుకోవాలి. నడక ఎలా పడుతూ లేస్తూ వస్తుందో ఇదీ అలాగే వస్తుంది.

"పండ్లు రాలేదు కదా, ఎట్ల నములుతాడు?" అని అవ్వలు అడుగుతారు. ముందటి పండ్లు కొరుకుటకే పనికివస్తాయి. నమిలే దవడ పండ్లు సాధారణముగా 13 నుండి 19 నెలల మధ్య గాని రావు. అంతవరకు బిడ్డ చిగుళ్ళతోనే మెత్తనివాటిని నలిపి మ్రింగగలడు. ఆ చిగుళ్ళ బలమెంతో తెలియాలంటే పాలిచ్చే తల్లిని అడగండి.

ఇక ఏ నెలలో ఎలా పెట్టాలి? ఆరవ నెల నిండిన తరువాత, రెండు మూడు చెంచాలతో మొదలుపెడితే చాలు. ఉడికించిన పప్పన్నము మెత్తగా మెదిపి, కొంచెము నెయ్యి వేసి పెట్టండి. గెనుసుగడ్డ, గుమ్మడికాయ, అరటిపండు మెదిపి పెట్టవచ్చు. పలుచగా మాత్రము వద్దు. చెంచా వంచితే జారిపోకుండ నిలిచేంత చిక్కగా ఉండాలి. నీళ్ళ జావలో కడుపు నిండుతుంది గాని బలము రాదు. నాలుకకు పని కూడ ఉండదు. గ్రుడ్డును బాగుగా ఉడికించి, మెదిపి పెట్టవచ్చు. అంగన్‌వాడీలో 7 నెలల నుండి 3 ఏండ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతము మంచి ఆహారమే. దానిని వేడినీళ్ళతో కలిపి ముద్దగా చేసి పెట్టండి. పొడిగా నోటిలో పోయవద్దు. ఏ పొడియైనను ఊపిరితో లోపలికి పోతుంది.

ఏడవ ఎనిమిదవ నెలలలో మిక్సీని మరచిపోండి. చేతివ్రేళ్ళతో మెదిపితే అక్కడక్కడ చిన్న చిన్న పలుకులు మిగులుతాయి. అవి ఉండాలి, వాటివలననే నాలుక ప్రక్కకు తిరగడము నేర్చుకొంటుంది. దినమునకు రెండు మూడుసార్లు, నెమ్మదిగా పెంచుతూ చిన్న గిన్నెలో సగము వరకు పెట్టవచ్చు. ఎనిమిది నెలలు వచ్చేసరికి చాలామంది బిడ్డలు తామే పట్టుకొని తినగలరు. బాగుగా ఉడికిన బీన్సు, క్యారెట్టు, ఉర్లగడ్డ, మెత్తని బొప్పాయిపండు వ్రేలంత పొడవుగా కోసి ఇవ్వండి. ఇచ్చేముందు ఆ ముక్కను మీ బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పెట్టి నొక్కి చూడండి. సులువుగా నలిగితే బిడ్డ చిగుళ్ళకు కూడ నలుగుతుంది. నలగకపోతే మరల పొయ్యి మీద పెట్టండి. తొమ్మిదవ నెల నుండి దినమునకు మూడు నాలుగుసార్లు పెట్టాలి. ఏడాది నిండేసరికి ఇంటిలో అందరూ తినేదే బిడ్డ కూడ తినాలి. మన సీమ కారము మాత్రము వద్దు. పప్పులో, కూరలో ఉప్పు కారము వేయకమునుపే బిడ్డ వంతు తీసి ప్రక్కన పెట్టుకోండి. ఏడాది నిండేవరకు తేనె నాకించవద్దు. దానిలో ఉండే ఒక క్రిమి పసిబిడ్డల ప్రాణము మీదికి తేగలదు.

సంకటి సంగతి విడిగా చెప్పాలి. మన ప్రాంతములో సంకటిని ఎవరూ నమలరు. ముద్ద చేసి, పప్పులో ముంచి, గుటుక్కున మ్రింగుతారు. తాత అలా మ్రింగుతుంటే చూచి బిడ్డకు కూడ గోళీ అంత సంకటి ముద్ద చేసి నోటిలో వేస్తారు. జిగటగా ఉండే ఆ ముద్ద పసి గొంతుకు మంచిది కాదు. రాగి మంచిదే. సంకటిని వేడి పప్పులోనో, పెరుగులోనో బాగుగా మెదిపి, చెంచాకు కొద్దికొద్దిగా ఇవ్వండి. మ్రింగడము వానికి వచ్చు. మనము నేర్పవలసినది నమలడము.

మరి భయపడి ఆలస్యము చేస్తే ఏమవుతుంది? పలుకులున్న ఆహారము పది నెలలు దాటినా మొదలుపెట్టకపోతే, తరువాత తినిపించడము కష్టమయ్యే అవకాశము ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మార్గదర్శకములు హెచ్చరిస్తున్నాయి. మా సంఘములో ఒక సహోదరి కుమారునికి పదునాలుగు నెలలు. ఎనిమిదవ నెలలో ఒకసారి ఇడ్లీ ముక్కకు వాడు ఓకరించి, ముఖము ఎర్రబడి, కక్కుకొన్నాడట. ఆ దినము మొదలుకొని ఆమె వానికి సీసాలో జావ తప్ప ఏమీ పెట్టలేదు. మెతుకు నోటికి తగిలితే చాలు, వాడు ఉమ్మివేసి ఏడ్చేవాడు. ఆమె కూడ ఏడ్చేది. "నా బిడ్డ నా చేతిలో పోతాడేమోనని నాకు భయమమ్మా" అని ఆమె చెప్పినప్పుడు మాకు కండ్లలో నీళ్ళు వచ్చాయి. ఆ భయమును చూచి నవ్వకూడదు. ఆమె కండ్ల ముందు బిడ్డ ఉక్కిరిబిక్కిరి అయ్యాడు.

నర్సమ్మ సలహా తీసికొని మెల్లగా మొదలుపెట్టాము. మొదటి వారము సీసాను ప్రక్కన పెట్టి, అదే జావను గిన్నెలో చెంచాతో పెట్టించాము. రెండవ వారము జావను చిక్కన చేయించాము. మూడవ వారము దానిలో మెదిపిన అన్నము ఒక చెంచా కలిపించాము. అంతకంటె ముఖ్యముగా, మధ్యాహ్నము మా ఇంటికి తీసికొని రమ్మన్నాము. మా చిన్నది, ప్రక్కింటి పిల్లలు గుండ్రముగా కూర్చొని తింటుంటే వానిని నడుమ కూర్చోబెట్టేవారము. ఎవరూ వాని నోటిలో ఏమీ పెట్టలేదు. ఎదుట ఒక పళ్ళెములో మెత్తని ముక్కలు పెట్టి ఊరకున్నాము. నాలుగు దినములు వాటిని పిసికి నేలకు పూశాడు. అయిదవ దినము గుమ్మడి ముక్క ఒకటి నోటిలో పెట్టుకొన్నాడు. రెండు నెలలకు జొన్నరొట్టె పప్పులో నానబెట్టి ఇస్తే తినేవాడయ్యాడు. ఆ తల్లి ముఖము చూడవలసినది. ఏడాదిన్నర దాటినా బిడ్డ ముద్దలు ముట్టకపోతే, తిన్న ప్రతిసారి దగ్గు వస్తుంటే, బరువు పెరగకపోతే మాత్రము ఇంటి ఉపాయములతో ఆగవద్దు. ఆసుపత్రిలో చూపించండి.

ఆ సహోదరిని భయపెట్టినది ఓకరింత. ఓకరింత వేరు, గొంతుకు అడ్డము పడడము వేరు. ఈ తేడా ప్రతి తల్లి, తండ్రి, అవ్వ తెలిసికోవాలి. పసిబిడ్డకు ఓకరింత పుట్టించే చోటు నాలుక మీద చాలా ముందుకు ఉంటుంది. పెద్ద పలుకు అక్కడికి చేరగానే నాలుక చాపి, ఓకరించి, దానిని ముందుకు తెచ్చుకొంటుంది. కండ్లలో నీళ్ళు వస్తాయి, ముఖము ఎర్రబడుతుంది, శబ్దము వస్తుంది. అది బిడ్డకు దేవుడిచ్చిన కావలి. పెరిగేకొద్దీ ఆ చోటు వెనుకకు జరుగుతుంది. ఇక పొలమారడము మనకు తెలిసినదే. నీళ్ళో మెతుకో దారి తప్పితే దగ్గు వస్తుంది. "ఎవరో తలచుకొంటున్నారు" అని తల మీద తడుతాము. బిడ్డ గట్టిగా దగ్గుతున్నంతసేపు గాలి ఆడుతున్నట్లే. దగ్గనివ్వండి. అలా దగ్గుతుండగా తలక్రిందులుగా ఎత్తవద్దు, నీళ్ళు పోయవద్దు, నోటిలో వ్రేలు పెట్టవద్దు. వ్రేలితో ముక్క ఇంకా లోపలికి పోతుంది.

నిజముగా అడ్డము పడినప్పుడు శబ్దము ఉండదు. బిడ్డ నోరు తెరుస్తుంది గాని ఏడుపు రాదు. దగ్గు రాదు, లేక పిల్లికూత వంటి సన్నని శబ్దము వస్తుంది. పెదవులు నీలముగా మారుతాయి. కావుననే తినే బిడ్డ ఎదుట మనిషి ఉండాలి అంటున్నాము. ప్రక్కగదిలో ఉండి చెవితో కాపలా కాస్తే చాలదు. ప్రమాదము నిశ్శబ్దముగా వస్తుంది.

మా చిన్నదానికి ఎనిమిదవ నెలలో ఉర్లగడ్డ ముక్కకు ఓకరింత వచ్చింది. పిల్లల అమ్మమ్మ లేచి బిడ్డను ఎత్తబోయింది. మాలో ఒకరు అమ్మమ్మ చేయి పట్టుకొన్నారు, ఒకరు బిడ్డ ముఖమును చూస్తూ కూర్చొన్నారు. మూడు నాలుగు క్షణములే. ముక్క ముందుకు వచ్చింది. బిడ్డ దానిని చేతితో తీసి, చూచి, మరల నోటిలో పెట్టుకొన్నది. "ఏం గుండెలు మీవి!" అని అమ్మమ్మ కోపగించింది. మా గుండెలు కూడ కొట్టుకొన్నాయి. అయితే మనము కేక వేసి ఎత్తుకొంటే బిడ్డ బెదిరి, ఊపిరి లోపలికి పీలుస్తుంది. నోటిలోని ముక్క దానితో పోతుంది. పైగా అన్నము అంటే భయపడడము నేర్చుకొంటుంది.

బిడ్డను కూర్చోబెట్టే విధము కూడ ముఖ్యము. పూర్వము మన అవ్వలు కాళ్ళు చాపుకొని, కాళ్ళ మీద బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, ఉగ్గుగిన్నెతో పోసేవారు. ఏడ్చే బిడ్డ ముక్కు మూసి పోయడము కూడ చూశాము. ముద్ద తినే బిడ్డను అలా పరుండబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టాలి. కూర్చీ లేకపోతే మన ఒడిలో, లేదా గోడకు దిండు ఆనించి కూర్చోబెట్టవచ్చు. ఏడుస్తున్నప్పుడు, నవ్వుతున్నప్పుడు, ప్రాకుతున్నప్పుడు, బండి మీద వెళుతున్నప్పుడు నోటిలో ఏమీ పెట్టవద్దు. ఇప్పుడు ప్రతి ఇంటిలో సెల్‌ఫోను వచ్చింది. బొమ్మలు చూపించి నోరు తెరిపిస్తే గిన్నె త్వరగా ఖాళీ అవుతుంది. అయితే బిడ్డకు నోటిలో ఏమి ఉన్నదో తెలియదు, నమలాలని తోచదు. ముఖము త్రిప్పుకొంటే చాలునని అర్థము. బలవంతము చేయవద్దు. మనము నమిలి బిడ్డ నోటిలో పెట్టే అలవాటు కూడ మానాలి. మన నోటిలోని రోగములు దానితో పోతాయి, బిడ్డకు నేర్పవలసినది కూడ మిగలదు.

ఇక వేరుశనగ. మన జిల్లాకు అన్నము పెట్టిన పంట అది. కోతల కాలములో ముంగిట కుప్పలు, విత్తనాలు ఒలిచే దినములలో ఇల్లంతా పప్పులు. ఆ పప్పు గుండ్రముగా, నున్నగా, గట్టిగా ఉంటుంది. దవడ పండ్లు లేని బిడ్డ దానిని నమలలేడు. పసిబిడ్డ ఊపిరి గొట్టము చాలా సన్నము. మా పాస్టరేటులో ఒక పల్లెలో ఏడాదిన్నర పిల్లవాడు, పెద్దలు కాయలు ఒలుస్తుండగా ప్రాకుతూ వచ్చి పప్పు నోటిలో వేసికొన్నాడు. ఒక్కసారి బలముగా దగ్గాడు. తరువాత ఆడుకొన్నాడు. ఇంటివారు మరచిపోయారు. వారము తిరగకమునుపే దగ్గు, జ్వరము వచ్చాయి. మందులు వాడితే తగ్గి, మరల వచ్చేవి. మూడు వారములు ఇలా గడిచాక పెద్ద ఆసుపత్రికి తీసికొని వెళితే, ఒకవైపు ఊపిరితిత్తిలోనికి గాలి సరిగా పోవడము లేదని కనిపెట్టి, గొట్టము వేసి చూచి, పప్పు బద్దను బయటికి తీశారు. దేవుని దయవలన పిల్లవాడు బాగున్నాడు. కావున తింటూనో ఆడుకొంటూనో ఉన్నట్లుండి ఉక్కిరిబిక్కిరియై దగ్గి, ఆ తరువాత దగ్గు వదలని బిడ్డను డాక్టరుకు చూపించేటప్పుడు ఆ మొదటి దగ్గు సంగతి తప్పక చెప్పండి.

వేరుశనగను బిడ్డకు దూరము చేయమని మేము చెప్పడము లేదు. అదే పప్పును వేయించి మెత్తని పొడి చేసి, జావలోనో అన్నములోనో కలిపి పెడితే మంచి బలము. నాలుగైదు ఏండ్లు వచ్చేవరకు పూర్తి పప్పు మాత్రము వద్దు. శనగలు, వేయించిన బఠాణీలు, పాప్‌కార్న్, గట్టి మిఠాయిలు, చిక్కీ, జంతికలు, పచ్చి క్యారెట్టు, కొబ్బరి ముక్క కూడ అటువంటివే. సీతాఫలము, రేగుపండు, చింతపండు పెట్టేటప్పుడు గింజలు తీసివేయండి, తీసిన గింజలను నేల మీద వదలవద్దు. ద్రాక్షపండును నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. చేపలో ముల్లు, కోడికూరలో ఎముక ముక్క వ్రేళ్ళతో వెదకి తీయండి. అన్న, అక్క తమ్మునికి ప్రేమతో తినిపిస్తుంటారు. వారిని కోప్పడక, "పెద్దవాళ్ళు ఉన్నప్పుడే పెట్టల్ల" అని నేర్పండి.

మన మందిరములో కూడ ఒక మాట. ఆరాధనలో బిడ్డ ఏడిస్తే తల్లి సిగ్గుపడి, ఒడిలో పరుండబెట్టి, నోటిలో బిస్కెట్టో మిఠాయియో పెడుతుంది. తల్లులారా, అలా చేయవద్దు. బిడ్డ ఏడిస్తే ఏడవనివ్వండి, బయట చెట్టు క్రిందికి తీసికొని వెళ్ళండి. ప్రసంగము కొంచెము ఆగినా ఫరవాలేదు. మా సండేస్కూలులో అయిదేండ్ల లోపు పిల్లలకు గట్టి చాక్లెట్లు పంచడము మానివేశాము. క్రిస్మసు దినమున కూడ వారికి అరటిపండు, మెత్తని కేకు ఇస్తున్నాము.

ఇంత జాగ్రత్త పడినా అడ్డము పడితే ఏమి చేయాలి? ఏడాది లోపు బిడ్డ దగ్గలేక, ఏడవలేక ఉంటే, వెంటనే ముంజేతి మీద బోర్లా పరుండబెట్టి, దవడను వ్రేళ్ళతో పట్టి, ముంజేతిని మీ తొడ మీద ఆనించి, తల రొమ్ము కంటె దిగువగా ఉంచండి. రెండవ చేతి అరచేతి క్రిందిభాగముతో, రెండు రెక్కల ఎముకల నడుమ 5 సార్లు గట్టిగా చరచండి. ముక్క రాకపోతే వెల్లకిల త్రిప్పి, రొమ్ము నడిమి ఎముక మీద, దాని క్రింది సగములో 5 సార్లు బలముగా నొక్కండి. ముక్క వచ్చేవరకు లేదా బిడ్డ ఏడ్చేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు. ఏడాది దాటిన పిల్లలకు ముందుకు వంచి వీపు మీద 5 సార్లు చరచి, రాకపోతే వెనుక నిలిచి లేదా మోకరించి, బొడ్డుకు పైన, ప్రక్కటెముకలకు క్రింద పిడికిలి పెట్టి, లోపలికి పైకి 5 సార్లు గుంజాలి. ముక్క కంటికి కనబడితేనే తీయాలి. ఒకరు ఇది చేస్తుండగా మరొకరు 108కి ఫోను చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే నేల మీద పరుండబెట్టి రొమ్ము నొక్కడము మొదలుపెట్టి, అంబులెన్సు వచ్చేవరకు ఆపకూడదు. ముక్క వచ్చి బిడ్డ కోలుకొన్నా ఆసుపత్రిలో ఒకసారి చూపించాలి.

ఇది చదివితే వచ్చేది కాదు, చేతులకు అలవాటు కావాలి. మేము స్త్రీల కూటమునకు నర్సమ్మను పిలిపించి, గుడ్డబొమ్మ మీద అందరి చేత చేయించాము. మొదట నవ్వులు, తరువాత నిశ్శబ్దము. ఒక అవ్వ మూడుసార్లు చేసి, "ఇది నా చిన్నతనంలో ఎవరన్నా చెప్పింటే" అని ఆగిపోయింది. ఎవరమూ ఆమెను ఏమీ అడుగలేదు. ఆ మధ్యాహ్నము ఆమె చాలాసేపు ఆ బొమ్మను ఒడిలోనే పెట్టుకొని కూర్చొన్నది. తరువాతి నెల పురుషుల చేత కూడ చేయించాము. బిడ్డను ఎత్తుకొనేది తల్లి ఒక్కతే కాదు గదా.

తండ్రులకు ఒక మనవి. మీరు పొలము నుండి వచ్చి కాళ్ళు కడుగుకొని కూర్చొన్నప్పుడు, బిడ్డను కూడ మీ ఎదుట కూర్చోబెట్టుకోండి. టీవీ ఆపండి. పళ్ళెములో కారము లేని మెత్తని ముద్ద ఒకటి వానికి పెట్టండి. మీరు ఒక ముద్ద నోటిలో పెట్టుకొని, నోరు బాగుగా ఆడిస్తూ నమలండి. వాడు మీ దవడనే చూస్తాడు. కాసేపటికి, నోటిలో ఏమీ లేకపోయినా, తన దవడ కూడ ఆడిస్తాడు. అప్పుడు వాని ముద్ద వానికి ఇవ్వండి. వాడు మ్రింగేవరకు మీరు లేవవద్దు.